కంచె పాతబడితే చేను మేసేది కంచే: మన ఉమ్మడి కంప్యూటర్లకు అప్‌డేట్ ఎవరు చేయాలి?

పోస్టు కొంచెం పొడవే, ఓపికతో చదవండి. మనం పదిమందీ కలిసి వాడే కంప్యూటర్ల గురించి రాస్తున్నా.

ఈ మధ్య మన సంఘాల గదుల్లో, హాస్టళ్లలో, స్టడీ సర్కిళ్లలో లినక్స్ కంప్యూటర్లు బాగానే కనిపిస్తున్నాయి. కారణం మనకు తెలిసిందే. ఎవరో పాత లాప్‌టాప్ ఇస్తారు, దాని మీద విండోస్ కదలదు, అందుకని ఉబుంటునో లినక్స్ మింట్‌నో వేస్తాం. ఖర్చు లేదు, దొంగ కాపీ గొడవ లేదు. మంచిదే. వేసిన అన్న పోతూ పోతూ "దీనికి వైరస్‌లు రావురా" అని చెప్పి పోతాడు. ఇంకాస్త తెలిసిన అన్న అయితే ఫైర్‌జైల్ కూడా వేసి, "బ్రౌజర్‌ని జైల్లో పెట్టా, ఇక దిగుల్లేదు" అంటాడు. ఆ రోజు నుంచి ఆ కంప్యూటర్‌లో అప్‌డేట్ బటన్ నొక్కినవాళ్లు ఉండరు.

నేను చెప్పాలనుకున్నది ఒక్క మాట. పదిమంది వాడే కంప్యూటర్‌లో ఫైర్‌జైల్ లాంటి శాండ్‌బాక్స్ వేస్తే, దాన్ని అప్‌డేట్ చేసే పని ఫలానా మనిషిది అని పేరు పెట్టి అప్పజెప్పాలి. అలా పేరు పెట్టలేకపోతే దాన్ని తీసేయాలి. వేసి వదిలేయడం మాత్రం వద్దు. ఎందుకో వివరిస్తా.

శాండ్‌బాక్స్ చేసే పని

కొత్తవాళ్ల కోసం ముందు ఇది. మన ఫోన్‌లో ఒక్కో యాప్‌కి ఒక్కో గది ఉంటుంది. ఒక యాప్ మీ ఫోటోలు చూడాలంటే "అనుమతి ఇస్తారా" అని అడుగుతుంది. ఒక్కో యాప్‌కి ఒక్కో గది అనే పద్ధతిలోనే ఆండ్రాయిడ్‌ని మొదటి నుంచీ కట్టారు. లినక్స్ డెస్క్‌టాప్ సంగతి వేరు. మీరు లాగిన్ అయ్యాక తెరిచిన ప్రతి ప్రోగ్రామూ మీ పేరు మీదే నడుస్తుంది. మీరు తెరవగలిగిన ప్రతి ఫైలునూ అది కూడా తెరవగలదు. నోట్సు చదువుకోడానికి పీడీఎఫ్ తెరిస్తే, ఆ పీడీఎఫ్ చూపించే ప్రోగ్రాముకి పక్క ఫోల్డర్‌లో ఉన్న మీ కుల ధ్రువీకరణ పత్రం, బ్యాంకు పాస్‌బుక్ స్కాన్ అన్నీ అందుబాటులో ఉన్నట్టే.

దీనికి విరుగుడుగా వచ్చింది శాండ్‌బాక్స్. ప్రోగ్రాము చుట్టూ ఒక కంచె కట్టి, "నీకు ఈ ఫోల్డర్ చాలు, మిగతాది నీకు కనిపించదు" అని చెప్పడం. లినక్స్‌లో ఇందుకు మనవాళ్లు ఎక్కువగా వాడేవి మూడు. ఒకటి ఫైర్‌జైల్. రెండోది ఫ్లాట్‌పాక్, ఇది లోపల బబుల్‌వ్రాప్ అనే చిన్న ప్రోగ్రాముతో కంచె కడుతుంది. మూడోది ఉబుంటులో వచ్చే స్నాప్, ఇది యాప్‌ఆర్మర్ మీద ఆధారపడుతుంది. పేర్లు వేరైనా అన్నిటికీ పునాది లినక్స్ కెర్నెలే. ప్రోగ్రాముకి ఏది కనపడాలి, కెర్నెల్‌ని అది ఏం అడగొచ్చు అనే హద్దులు పెట్టే సౌకర్యాలు కెర్నెల్‌లోనే ఉన్నాయి.

చేను చుట్టూ దడి కట్టడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. దడి గట్టిగా ఉంటే పందులు రావు. కానీ ఒక వానాకాలం పోయేసరికి కర్రలు పుచ్చుతాయి, చెద పడుతుంది, కట్లు ఊడతాయి. అందుకే ఏటా పంటకి ముందు మళ్లీ కడతాం. పోయినేడు కట్టాం కదా అని ఎవరూ ఊరుకోరు. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికే ఆ బుద్ధి మర్చిపోతున్నాం.

2022 జూన్‌లో ఏం జరిగింది

పుచ్చిన దడి వల్ల చేనుకి రక్షణ తగ్గుతుంది, అంతే. పాతబడిన శాండ్‌బాక్స్ దానికంటే ఎక్కువ చేటు చేయగలదు. "కంచే చేను మేస్తే" అనే సామెత ఇక్కడ అక్షరాలా నిజమవుతుంది.

ఫైర్‌జైల్ కంచె కట్టాలంటే మొదట దానికి రూట్ అధికారం కావాలి. రూట్ అంటే కంప్యూటర్ మొత్తానికి యజమాని, ఎవరి ఫైలైనా తెరవగలడు, ఏదైనా మార్చగలడు. అందుకే ఫైర్‌జైల్‌ని మామూలు యూజర్ ఎవరు నడిపినా అది రూట్ అధికారంతో మొదలయ్యేలా ఇన్‌స్టాల్ చేస్తారు. దీన్ని ఎస్‌యూఐడీ అంటారు. మొదలయ్యాక కంచె కట్టేసి ఆ అధికారాన్ని వదిలేస్తుంది. వదిలేసేలోపు దాని కోడ్‌లో చిన్న తప్పు దొర్లినా, ఆ తప్పుని పట్టుకుని మామూలు యూజర్ రూట్ అయిపోవచ్చు.

2022 జూన్‌లో అలాంటి తప్పే బయటపడింది. సూసే కంపెనీ భద్రతా బృందంలో పనిచేసే మథియాస్ గెర్‌స్ట్‌నర్ దాన్ని కనిపెట్టాడు. దాని నంబరు సీవీఈ-2022-31214. ఫైర్‌జైల్‌లో "జాయిన్" అనే సౌకర్యం ఉంది, ఇప్పటికే నడుస్తున్న ఒక శాండ్‌బాక్స్ లోపలికి వెళ్లడానికి. దాడి చేసేవాడు ఒక దొంగ శాండ్‌బాక్స్ తయారుచేసి పెడితే, ఫైర్‌జైల్ దాన్ని నిజమైనదే అనుకుని లోపలికి తీసుకెళ్లేది. ఆ లోపల ఫైళ్లన్నీ దాడి చేసేవాడు తనకు అనుకూలంగా అమర్చుకుని ఉంటాడు. అక్కడ నుంచి సుడో లాంటి ప్రోగ్రాముని నడిపితే రూట్ అయిపోవచ్చు. 0.9.70 వెర్షన్‌లో దీన్ని సరిచేశారు.

ఇప్పుడు ఆలోచించండి. ఫైర్‌జైల్ అసలే లేని కంప్యూటర్‌కి ఈ ప్రమాదం లేదు. ఫైర్‌జైల్ ఉండి అప్‌డేట్ అయిన కంప్యూటర్‌కీ లేదు. ఫైర్‌జైల్ వేసి వదిలేసిన కంప్యూటర్‌కే ఉంది. భద్రత కోసం తెచ్చి పెట్టుకున్నదే దొంగకి తలుపు తీసింది. 2021లో కూడా ఇదే సాఫ్ట్‌వేర్‌లో ఓవర్‌లే అనే సౌకర్యం దగ్గర వేరే లోపం దొరికింది, 0.9.64.4లో ఆ సౌకర్యాన్నే ఆపేశారు.

ఫైర్‌జైల్ చెడ్డది, మిగతావి మంచివి అని నేననడం లేదు. 2022 ఫిబ్రవరిలో స్నాప్ లోపలి స్నాప్-కన్‌ఫైన్ అనే భాగంలో రూట్ అయ్యే లోపాన్ని క్వాలిస్ సంస్థ బయటపెట్టింది. 2024 ఏప్రిల్‌లో ఫ్లాట్‌పాక్‌లో ఇంకోటి వచ్చింది, చెడ్డ యాప్ కంచె దాటి బయట తనకిష్టమైన కమాండ్ నడిపించుకునే వీలున్న లోపం అది. దానికి 1.14.6 తదితర వెర్షన్లలో మరమ్మతు ఇచ్చారు. మనుషులు రాసిన కోడ్‌లో తప్పులు ఉంటాయి, వాటిని వెతికేవాళ్లు ఉన్నారు, దొరికితే సరిచేసేవాళ్లు కూడా ఉన్నారు. ఆ మరమ్మతు మన కంప్యూటర్ దాకా వస్తోందా లేదా, మనం చూసుకోవాల్సింది అదే.

ఉమ్మడి కంప్యూటర్‌కే ఎందుకు ఎక్కువ ప్రమాదం

"మన కంప్యూటర్‌ని ఎవడు హ్యాక్ చేస్తాడన్నా, అందులో ఏముంది?" అని చాలామంది అంటారు. రెండు జవాబులు చెప్తా.

మొదటిది, అందులో ఏముందో ఒకసారి తెరిచి చూడండి. స్కాలర్‌షిప్ దరఖాస్తుల కోసం స్కాన్ చేసిన ఆధార్‌లు, ఎస్టీ సర్టిఫికెట్లు, ఆదాయ ధ్రువపత్రాలు. అటవీ హక్కుల పట్టాల ఫోటోలు, గ్రామసభ తీర్మానాలు. పెద్దవాళ్ల పాటలు, కథలు రికార్డు చేసి పెట్టుకున్న ఆడియోలు. చదువు రాని ఇంటి పెద్దలు "మీరైతే జాగ్రత్తగా దాస్తారు" అని నమ్మి ఇచ్చిన కాగితాలు. ఒక ఇంటి కాగితం పోతే ఆ ఇల్లు మళ్లీ ఎన్ని ఆఫీసులు తిరగాలో మనకు తెలుసు. వేరేవాళ్ల చేతికి పోయి ఆ పేరు మీద అప్పో, సిమ్మో తీసుకుంటే ఇంకా కష్టం.

రెండోది, నేను పైన చెప్పిన ఫైర్‌జైల్ లోపం, స్నాప్ లోపం రెండూ లోకల్ లోపాలు. అంటే బయట దేశం నుంచి ఎవరో నేరుగా వచ్చి చేసేవి కావు. ఆ కంప్యూటర్‌లో ముందే ఒక మామూలు యూజర్‌గా ఉన్నవాడో, ఆ యూజర్ పేరు మీద నడుస్తున్న ఒక చెడ్డ ప్రోగ్రామో వాడుకునేవి. సొంత లాప్‌టాప్‌లో ఒక్కరే ఉంటారు. మన గదిలో కంప్యూటర్‌కి పదిహేను మంది ఉంటారు. పదిహేను మంది పెన్‌డ్రైవ్‌లు, జిరాక్స్ సెంటర్ నుంచి వచ్చిన ఫైళ్లు, టెలిగ్రామ్‌లో దొరికిన మెటీరియల్. ఆ పదిహేను మందిలో ఒక్కరు తెలియక ఒక చెడ్డ ఫైల్ నడిపినా, రూట్ లోపం లేకపోతే నష్టం ఆ ఒక్కరి ఫోల్డర్‌తో ఆగుతుంది. రూట్ లోపం ఉంటే పదిహేను మందిదీ పోతుంది. ఇందులో ఎవరి మీదా అనుమానం పెట్టుకోనక్కర్లేదు. ఒకరి తెలియనితనం పదిమందికి చుట్టుకోకుండా చూసుకోవడమే మనం చేయాల్సింది.

అప్‌డేట్ నాలుగు దారుల్లో వస్తుంది

చాలామంది "నేను అప్‌డేట్ చేశా" అంటారు గానీ ఒక దారిలోనే చేసి ఉంటారు. దారులు వేరువేరుగా ఉన్నాయి.

ఒకటి, ఆప్ట్. సిస్టమ్, కెర్నెల్, ఆప్ట్ ద్వారా వేసిన ఫైర్‌జైల్ అన్నీ దీని కిందికి వస్తాయి. "సుడో ఆప్ట్ అప్‌డేట్", ఆ తర్వాత "సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్". మింట్‌లో అయితే అప్‌డేట్ మేనేజర్ బొమ్మ నొక్కితే చాలు.

రెండు, ఫ్లాట్‌పాక్. ఆప్ట్ అప్‌గ్రేడ్ చేస్తే ఫ్లాట్‌పాక్ అనే సాధనం కొత్తదవుతుంది గానీ, దాని ద్వారా వేసుకున్న యాప్‌లు కొత్తవి కావు. వాటికి "ఫ్లాట్‌పాక్ అప్‌డేట్" అని విడిగా కొట్టాలి. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ బొమ్మలు తెరిచే లైబ్రరీలో పెద్ద లోపం దొరికింది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ సహా బోలెడు ప్రోగ్రాములు ఆ లైబ్రరీనే వాడతాయి. సిస్టమ్‌లో లైబ్రరీ సరిచేసుకున్నా, తమ సొంత కాపీ మోసుకొచ్చే యాప్‌లు ఒక్కొక్కటీ విడిగా సరికావాలి. ఫ్లాట్‌పాక్ అప్‌డేట్ కొట్టినప్పుడు "ఎండ్ ఆఫ్ లైఫ్" అని ఏదైనా కనిపిస్తే, దానికి ఇక మరమ్మతులు రావు అని అర్థం. ఆ యాప్ మార్చుకోవాలి.

మూడు, స్నాప్. ఇది తనంతట తానే రోజుకి కొన్నిసార్లు చూసుకుని కొత్తది తెచ్చుకుంటుంది, నెట్ ఉంటే. మన దగ్గర నెట్ ఉండదు కాబట్టి "అదే చేసుకుంటుందిలే" అనే ధీమా పనికిరాదు.

నాలుగోది అసలు దారే లేనిది. ఎవరో వెబ్‌సైట్ నుంచి డెబ్ ఫైల్ దింపి వేసినవి, సోర్స్ నుంచి కంపైల్ చేసి పెట్టినవి, యాప్‌ఇమేజ్‌లు. వీటిలో చాలావాటికి ఎక్కడి నుంచీ కబురు రాదు. ఫైర్‌జైల్‌ని ఇలా వేసి ఉంటే ప్రమాదం. "ఫైర్‌జైల్ డాష్ డాష్ వెర్షన్" అని కొట్టి నంబరు చూడండి.

నంబరు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. డెబియన్ లాంటివి పాత వెర్షన్ నంబరుని అలాగే ఉంచి, మరమ్మతు మాత్రం లోపల కలుపుతాయి. అప్పుడు నంబరు చివర "డెబ్11యు1" లాంటి తోక వస్తుంది. కాబట్టి నంబరు పాతగా ఉంది అని వెంటనే కంగారుపడొద్దు, ప్యాకేజీ పూర్తి నంబరు చూడండి. ఉబుంటులో కథ ఇంకోలా ఉంటుంది. ఫైర్‌జైల్ అక్కడ "యూనివర్స్" అనే విభాగంలో ఉంది. ఆ విభాగాన్ని ప్రధానంగా వాలంటీర్లు చూసుకుంటారు, "మెయిన్" విభాగానికి ఉన్నంత హామీ దానికి లేదు. అందుకే ఫైర్‌జైల్ తయారుచేసేవాళ్లే ఉబుంటు, మింట్ వాడేవాళ్లని తాము చెప్పిన పీపీఏ నుంచి తీసుకోమని గట్టిగా సలహా ఇస్తారు. లేదా ఉబుంటు ప్రో తీసుకుంటే యూనివర్స్‌కి కూడా భద్రతా మరమ్మతులు వస్తాయి, వ్యక్తిగత వాడకానికి 5 కంప్యూటర్ల దాకా అది ఉచితం.

ఇంకో మాట, రీస్టార్ట్. కంచెలన్నిటికీ పునాది కెర్నెల్ అని ముందే చెప్పా. 2022 మార్చిలో డర్టీ పైప్ అనే లోపం కెర్నెల్‌లోనే బయటపడింది, 5.8 వెర్షన్ నుంచి ఉన్నది. కొత్త కెర్నెల్ దిగినా, కంప్యూటర్ రీస్టార్ట్ చేసేదాకా పాతదే నడుస్తుంది. మనవాళ్లు లాప్‌టాప్ మూత మూసి వెళ్లిపోతారు, నెలల తరబడి రీస్టార్ట్ ఉండదు. అలా అయితే డేటా ఖర్చు పెట్టి దింపింది కూడా వృథా.

"నెట్ ఎక్కడిదన్నా?"

ఇది నిజమైన ఇబ్బంది, కొట్టిపారేయడానికి లేదు. టవర్ కోసం గుట్ట ఎక్కే ఊళ్లు మనవి. 1.5 జీబీ రోజువారీ డేటాలో అప్‌డేట్‌కి ఎంత పోతుందో అని భయం సహజం. కానీ దారులున్నాయి.

ప్రతివారం చేస్తే ప్రతిసారీ దిగేది తక్కువ. ఆరు నెలలు ఆగి చేస్తేనే ఒక్కసారి జీబీలు పడతాయి. అందుకే సంత రోజు మంచిదంటాను. ఎవరో ఒకరు ఎలాగూ మండల కేంద్రానికి పోతారు, అక్కడ సిగ్నల్ బాగుంటుంది, లాప్‌టాప్ సంచిలో పెట్టుకుపోతే ఉప్పూ పప్పూ కొనేలోపు పని అయిపోతుంది.

ఒకే ఉబుంటు వెర్షన్, ఒకే రకం కంప్యూటర్లు రెండు మూడు ఉంటే, ఒకదాంట్లో దింపినవే మిగతావాటికి వాడొచ్చు. "ఆప్ట్-గెట్"తో అప్‌గ్రేడ్ చేస్తే దింపిన ప్యాకేజీలు వార్ ఫోల్డర్‌లోని క్యాష్‌లో, ఆప్ట్ కింద ఆర్కైవ్స్ అనే చోట ఉండిపోతాయి. వాటిని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి రెండో కంప్యూటర్‌లో అదే చోట పెట్టండి. రెండో దాంట్లో ఆప్ట్ అప్‌డేట్‌కి అయ్యే కొద్ది డేటా మాత్రం ఖర్చు పెట్టి, ఆ తర్వాత అప్‌గ్రేడ్ కొట్టండి. అది అప్పటికే అక్కడ ఉన్న ప్యాకేజీలనే వాడుకుంటుంది. హాస్టల్‌లో కంప్యూటర్లు ఎక్కువ ఉంటే ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ అనే ప్రోగ్రాము ఒక దాంట్లో పెడితే, ఒక్కసారి దిగింది అన్నిటికీ అదే పంచుతుంది.

"అప్‌డేట్ చేస్తే ఉన్నది పాడవుద్ది" అనే భయం కూడా ఉంది. ఒక్కోసారి అవుతుంది, లేదనను. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే ప్రోగ్రాము కొత్త వెర్షన్లు 5.6.0, 5.6.1లో ఎవరో కావాలని దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. దాన్ని చూపించి "చూశారా, కొత్తది వేసుకుంటేనే ప్రమాదం" అన్నవాళ్లున్నారు. కానీ ఆ వెర్షన్లు చేరింది ఎప్పటికప్పుడు సరికొత్తవి తీసుకునేవాటికి, పరీక్షలో ఉన్నవాటికి. డెబియన్ స్టేబుల్, ఉబుంటు ఎల్‌టీఎస్ వాడేవాళ్లకు అవి రానేలేదు. కాబట్టి నేను సరికొత్తదాని వెంట పరుగెత్తమనడం లేదు. ఎల్‌టీఎస్‌లోనే ఉండండి, దానికి వచ్చే భద్రతా మరమ్మతులు మాత్రం ఆపకండి. రెండూ వేరు.

పైగా పాతదాన్ని పట్టుకుని కూర్చుంటే మనకే నష్టం ఇంకో రకంగా కూడా ఉంది. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్ 11.0లో చేరింది. అంతకు ముందు కాలం నాటి సిస్టమ్‌ని అలాగే వదిలేస్తే, మన లిపిలో రాసింది మన కంప్యూటర్‌లోనే ఖాళీ డబ్బాలుగా కనిపిస్తుంది.

ఇచ్చేవాళ్లని అడగాల్సిన మాట

ఇక్కడ నాకు కొంచెం కోపం కూడా ఉంది. మన ఊళ్లకు వచ్చేవి చాలావరకు ఇలాగే వస్తాయి. బోరింగ్ వేస్తారు, రిబ్బన్ కత్తిరిస్తారు, ఫోటో దిగుతారు, పోతారు. వాషర్ అరిగిన రోజు చూసే దిక్కుండదు. కంప్యూటర్లు కూడా అంతే. తెచ్చి పెట్టిన రోజు ఉన్న ఉత్సాహం ఆరో నెలకి ఉండదు. ఇచ్చినవాళ్లది మంచి మనసే కావచ్చు. కానీ రిపేరు చూసే మనిషి లేకుండా ఇచ్చింది సగం ఇచ్చినట్టే.

కాబట్టి ఇకమీదట ఎవరు కంప్యూటర్ ఇచ్చినా తీసుకునే ముందే మూడు ప్రశ్నలు అడుగుదాం. ఇందులో ఏ సిస్టమ్ ఉంది, దానికి మరమ్మతులు ఏ సంవత్సరం దాకా వస్తాయి? అడ్మిన్ పాస్‌వర్డ్ మాకు ఇస్తారా, మీ దగ్గరే ఉంచుకుంటారా? అప్‌డేట్ ఎలా చేయాలో మా ఇద్దరికి నేర్పించి పోతారా?

మొదటి ప్రశ్నకి జవాబు మనకూ తెలిసి ఉండాలి. ఉబుంటు 18.04కి మామూలు మద్దతు 2023 మేలో అయిపోయింది. 20.04కి 2025 మేలో అయిపోయింది. లినక్స్ మింట్ 20 వరసకి 2025 ఏప్రిల్‌తో సరి. ఉబుంటు 22.04, మింట్ 21 వరస 2027 దాకా, ఉబుంటు 24.04, మింట్ 22 వరస 2029 దాకా వస్తాయి. ఈరోజు ఎవరైనా 18.04 వేసి ఉన్న కంప్యూటర్ తెచ్చి ఇస్తే, "అన్నా, కొత్తది వేసి ఇవ్వండి" అని అడగడం తప్పు కాదు. ఉచితంగా ఇస్తున్నారు కదా అని మొహమాటపడితే, ఆ మొహమాటానికి మూల్యం కట్టేది తన ఆధార్ ఇచ్చిన ముసలవ్వ.

పాస్‌వర్డ్ ప్రశ్న ఇంకా ముఖ్యం. అది మన చేతిలో లేకపోతే అప్‌డేట్ మన చేతిలో లేనట్టే. అప్పుడు కంప్యూటర్ మనది అనుకోవడమే గానీ, తాళం వేరేవాళ్ల దగ్గర ఉంది.

మనం చేసుకోగలిగింది

నా ప్రతిపాదన ఇది. ప్రతి ఉమ్మడి కంప్యూటర్‌కీ ఇద్దరి పేర్లు పెట్టుకుందాం, ఒక తమ్ముడు, ఒక చెల్లి. ఒకరే అయితే పరీక్షలకి పోయినా, పెళ్లయి పోయినా పని ఆగిపోతుంది. ఆరు నెలలకోసారి పేర్లు మార్చుకుందాం, అప్పుడు పని అందరికీ వస్తుంది. గోడకి ఒక చిన్న నోట్‌బుక్ వేలాడదీసి, అప్‌డేట్ చేసిన ప్రతిసారీ తేదీ, చేసినవాళ్ల పేరు, "ఆప్ట్ అయింది, ఫ్లాట్‌పాక్ అయింది, రీస్టార్ట్ అయింది" అని మూడు మాటలు రాస్తే చాలు. మూడు వారాలు ఖాళీగా ఉంటే ఎవరైనా అడగొచ్చు. అడిగినందుకు ఎవరూ నొచ్చుకోకూడదు.

ఎవరి యూజర్ ఖాతా వాళ్లకి వేరుగా పెట్టండి. సుడో అధికారం ఆ ఇద్దరికే ఉంచండి. ఉబుంటు 21.04 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసినవాటిలో ఒకరి హోమ్ ఫోల్డర్ ఇంకొకరు తెరవలేరు. అంతకు ముందువాటిలో తెరిచి చదవగలిగేవాళ్లు. పాత కంప్యూటర్లలో ఇది తప్పకుండా చూసుకోండి.

ఫైర్‌జైల్ ఉంచుకునేవాళ్లు, దాన్ని ఎవరెవరు వాడొచ్చో "ఫైర్‌జైల్ డాట్ యూజర్స్" అనే ఫైల్‌లో పేర్లు పెట్టి హద్దు వేయొచ్చు. ఫ్లాట్‌పాక్ వాడేవాళ్లు ఫ్లాట్‌సీల్ అనే యాప్‌తో ఏ యాప్‌కి ఏ అనుమతి ఉందో చూడండి. కొన్ని యాప్‌లు హోమ్ ఫోల్డర్ మొత్తం అడిగి తీసుకుంటాయి. అలాంటప్పుడు దడి కట్టి తడిక తెరిచి పెట్టినట్టే.

ఇద్దరి పేర్లు పెట్టలేని చోట ఫైర్‌జైల్ తీసేయండి. ముందు "సుడో ఫైర్‌సీఎఫ్‌జీ డాష్ డాష్ క్లీన్" కొట్టి, తర్వాత "సుడో ఆప్ట్ పర్జ్ ఫైర్‌జైల్" కొడితే పోతుంది. తీసేస్తే బ్రౌజర్ గాలికి వదిలేసినట్టు అనుకోకండి. ఫైర్‌ఫాక్స్‌కి, క్రోమ్‌కి లోపల సొంత శాండ్‌బాక్స్ ఉంది. ఫైర్‌జైల్ దానికి పైన ఇంకో కంచె. కనిపెట్టుకుని ఉండలేని రెండో కంచె కంటే, ఉన్న ఒక్క కంచెని బాగా చూసుకోవడం మేలు. తక్కువ సాఫ్ట్‌వేర్ ఉంటే చూసుకోవాల్సిందీ తక్కువ.

ఇందులో నాతో ఒప్పుకోనివాళ్లు ఉంటారని తెలుసు. "కొంచెం పాతదైనా శాండ్‌బాక్స్ ఉండడమే నయం" అనే వాదన ఉంది. ఒక్కరే వాడే లాప్‌టాప్‌కి ఆ వాదనలో కొంత నిజం ఉంది, ఎందుకంటే అక్కడ దాచుకున్నదీ ఒక్కరిదే, పోతే నష్టమూ ఒక్కరిదే. ఉమ్మడి కంప్యూటర్‌కి మాత్రం నేను ఒప్పుకోను. పదిమంది కాగితాలు దాచే చోట, చూసేవాళ్లు లేని రూట్ ప్రోగ్రామ్ ఒక్కటి కూడా ఉండకూడదు.

పోడు కొట్టినా, చెరువు పూడిక తీసినా, ఇల్లు కప్పినా మనవాళ్లు వంతులు వేసుకునే చేస్తారు. ఎవరి వంతు ఎప్పుడో ఊరందరికీ తెలుసు. కంప్యూటర్‌కి కూడా అదే పద్ధతి పెడదాం, కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు.

వచ్చే సంత రోజులోపు మీ దగ్గరున్న కంప్యూటర్‌లో ఏ సిస్టమ్ ఉందో, ఫైర్‌జైల్ ఉంటే దాని నంబరెంతో, ఆఖరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో చూసి ఇక్కడ రాయండి. ఊరి పేరు, మనుషుల పేర్లు, పాస్‌వర్డ్‌లు మాత్రం రాయొద్దు. ఎవరికైనా ఎక్కడైనా ఆగిపోతే అడగండి, తెలిసినవాళ్లం చెప్తాం. కోయ, గోండి, కువి, లంబాడీ, సవర ఏ భాషలోనైనా ఈ పద్ధతిని ఒక పేజీలో రాసిపెట్టగలిగే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ముందుకొస్తే ఇంకా సంతోషం.

జోహార్.